బతికున్నవాడికి కొట్టిన గంట

ముప్పై నాలుగో దెబ్బ తర్వాత గంట ఆగిపోయింది. ముప్పై ఐదోది పడుతుందేమోనని మిషన్‌పేట మొత్తం ఊపిరి బిగబట్టుకుని కాచుకుంది. పడలేదు.

అన్నమ్మ కుడిచేతి పిడికిలి బిగుసుకుని అలాగే ఉంది. అందులో బియ్యం ఉన్నాయి. ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు తీసి చర్చి కుండలో వేయడం ఆ ఇంటి ఆడవాళ్ళకు నాలుగు తరాల అలవాటు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆ పిడికిలి ఎలా విప్పాలా అని ఆమె ఏనాడూ ఆలోచించలేదు. ఇవాళ వేళ్ళు మాట వినడం లేదు.

పక్కింటి నాగమ్మ గుమ్మం దాటి వచ్చింది. పలకరించలేదు. తొట్టిలోంచి చెంబుతో నీళ్ళు ముంచి సరాసరి పొయ్యిలో పోసింది. బుస్సుమని లేచిన పొగకు అన్నమ్మ కళ్ళు మండాయి.

చావింట్లో పొయ్యి వెలగకూడదు.

"ఏమే నాగీ! మా పొయ్యిలో నీళ్ళు పోస్తాండావేందే? మా ఇంట్లో ఎవురు సచ్చినారని?"

నాగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తల అడ్డంగా ఊపింది. అది కాదనడమో, చెప్పలేననడమో అన్నమ్మకు అర్థం కాలేదు.

అర్థం కాకపోవడానికి ఏముంది? తక్కిన ఊళ్ళలో వయసు అడిగితే పెన్న పొంగిన ఏడు పుట్టాడనో, పెద్దావు ఈనిన ఏడు పుట్టాడనో ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటారు. మిషన్‌పేటలో ఆ పప్పులు ఉడకవు. జమ్మలమడుగులో మిషనరీ దొరలు ఉన్న కాలం నుంచి చర్చి బీరువాలో బాప్తిస్మాల రిజిస్టరు ఉంది. ఎవరికి ఎన్నేళ్ళో పేటలో అందరికీ నోటికొచ్చు. మనిషి పోతే, బతికిన ఏడాదికి ఒక దెబ్బ. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఒక నిట్టూర్పు విడిచేంత వ్యవధి. గంట మొదలవగానే ఆడవాళ్ళు చేటలు పక్కనపెట్టి వేళ్ళు మడుస్తారు. గంట ఆగేసరికి ఎవరో తెలిసిపోతుంది. ఇంటింటికీ మనిషిని పంపి చావు కబురు చెప్పే పని ఆ పేటకు ఎప్పుడూ లేదు.

ముప్పై నాలుగేళ్ళవాళ్ళు పేటలో ఇద్దరే ఉన్నారు. ఒకరు నాగమ్మ. ఆమె చెంబు పట్టుకుని తడిసిన పొయ్యి ముందు నిలబడి ఉంది. రెండోవాడు అన్నమ్మ కొడుకు, సంఘం సెక్రెటరీ తీతు. పొద్దున మొదటి బస్సుకు ప్రొద్దుటూరు పోయాడు.

"మా కొడుకు ప్రొద్దుటూరు పోయినాడే," అంది అన్నమ్మ. "కరపత్రాలు తెచ్చుకుంటానని పోయినాడు. పన్నెండు గంటలకు వస్తానన్న్యాడు. ఒక్కన్నే పోవొద్దురా అంటే ఇనడే."

మాట పూర్తి కాకముందే వీధిలోంచి కోడలు సరోజమ్మను ఇద్దరు ఆడవాళ్ళు చెరో రెక్క పట్టుకుని తీసుకొచ్చారు. చర్చి పక్కనే ఉన్న బడిలో ఆమె టీచరు. చేతివేళ్ళకు సుద్దపొడి అలాగే ఉంది. గంట మొదలైనప్పుడు రెండో తరగతికి కూడికలు చెబుతోందట. పిల్లలు సరదాగా గంటతో పాటు గొంతెత్తి లెక్కపెట్టారట. ముప్పై రెండు, ముప్పై మూడు, ముప్పై నాలుగు. టీచరు ఎందుకు కిందపడిందో ఆ పసివాళ్ళకు తెలియక, ముప్పై ఐదు అని కూడా అరిచారట.

సరోజమ్మ అత్తను చూసి ఏడవలేదు. గోడకు ఆనుకుని జారి కూర్చుంది.

"అత్తా, ఎవురు చూసినారంట?" అని మాత్రం అడిగింది.

జవాబు చెప్పేవాళ్ళు లేరు గానీ, తీర్పు చెప్పేవాళ్ళకు కొదవ లేదు. వాకిట్లో అప్పటికే ఇరవై మంది చేరారు.

"తూర్పింటోళ్ళే. ఇంగెవురు?"

"నామినేషన్ ఎనక్కి తీసుకోకపోతే ఎన్నికలదాకా ఉండవని మొన్న సంతలో మొగం మీదే అన్న్యారు కదా!"

"ఇంకా పన్నెండు దినాలుండాది. అంతవరకు గూడా ఓర్చుకోల్యాకపోయినారు."

ఊళ్ళో రెండు ఇళ్ళున్నాయి. మేడింటాయనది ఒకటి, తూర్పింటాయనది ఒకటి. తక్కినవన్నీ ఆ రెండింటిలో ఒకదాని నీడలో నిలబడాల్సిన గుడిసెలే. ఈసారి సర్పంచు సీటు రిజర్వేషన్‌లో వచ్చింది. మేడింటాయన పేటలోంచి తీతును నిలబెట్టాడు. ఊరికి కొత్త సర్పంచు వస్తున్నాడని పేట మురిసింది, అన్నమ్మ తప్ప.

రోడ్డు మీద రెండు జీపులు దుమ్ము లేపుకుంటూ పోయాయి. వాటిని ఎవరూ పట్టించుకోలేదు.

అన్నమ్మకు ఏడుపు రావడం లేదు. ఆమె బుర్రలో ఒకే ఒక ఆలోచన గిరికీలు కొడుతోంది. గంట గది తాళంచెవి ఒక్కటే ఉంది. అది ఆమె పెనిమిటి యోబు మొలతాడుకు ఉంటుంది. సంఘ పెద్ద ఆయన. అంటే గంట కొట్టింది ఆయనైనా అయుండాలి, ఆయన చెప్పగా ఇంకొకరైనా అయుండాలి. కొడుకు పోయిన సంగతి తెలిసినవాడు ఇంటికి రాకుండా గంట దగ్గరికి ఎట్లా పోయాడు? కన్నదానికి చెప్పకుండా ఊరికి ఎట్లా చెప్పాడు?

అప్పుడు పెరటి తలుపు తెరుచుకుంది.

"అమ్మా, ఎవురు పోయినారు?"

తీతు లోపలికి వచ్చాడు. తెల్లచొక్కా మీద, తలమీద, కనుబొమల మీద సిమెంటు దుమ్ము. చంకలో కరపత్రాల కట్ట.

"బస్సు లేదని చిలమకూరు సిమెంటు లారీ ఎక్కినా. సమాధుల దొడ్డి ఎనక దిగి అడ్డంపడి వచ్చినా. గంట ఇనపడింది గానీ లారీ మోతకు లెక్క తప్పిపోయింది. ముప్పై దాకా అయితే ఇన్న్యా. ఎవురమ్మా?"

నాగమ్మ చెంబు వదిలేసి కెవ్వుమని అరిచి బయటికి పరిగెత్తింది. వాకిట్లో ఒకామె ప్రభువా అని నేలమీద కూలబడింది. తీతు బిత్తరపోయి అందరి ముఖాలూ చూస్తున్నాడు. సరోజమ్మ లేచి వెళ్ళి మొగుడి చెంప మీద ఒకటి కొట్టింది. ఎందుకు కొట్టిందో ఆమెకే తెలియదు. వెంటనే ఆ చెంపనే రెండు చేతులతో పట్టుకుని ఎక్కెక్కి ఏడ్చింది. ఆమె అరచేతులకు సిమెంటు దుమ్ము అంటుకుంది.

అన్నమ్మ పిడికిలి దానంతటదే విచ్చుకుంది. బియ్యం నేలమీద చెల్లాచెదురుగా పడ్డాయి. ఆమె కొడుకు దగ్గరికి పోలేదు. ఉన్నచోటే నిలబడి వాడి కాళ్ళవైపు, చెప్పులవైపు చూసింది. చెప్పులు ఉన్నాయి. నీడ కూడా పడుతోంది. అప్పటికి గానీ ఆమెకు ఊపిరి ఆడలేదు.

"ఎవురూ పోల్యా నాయనా," అంది. "ఎవురో నీకు కొట్టినారు."

"నాకా?"

"నేనే కొట్టినా."

యోబు వీధిగుమ్మంలో నిలబడి ఉన్నాడు. అరవై రెండేళ్ళ మనిషి. చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయి ఉంది. రెండు అరచేతులూ తాడు ఒరుసుకుని ఎర్రగా కమిలిపోయాయి. జనం ఆయనకు దారి ఇచ్చారు. ఆయన ఎవరినీ చూడకుండా వచ్చి కొడుకు ఎదురుగా నిలబడ్డాడు.

"మీరందురూ ఇండ్లకు పోండి," అన్నాడు.

ఎవరూ కదలలేదు.

"పోండన్న్యా కదా! ఈడ పీనుగ లేదు, చూడ్డానికి."

వాకిలి ఖాళీ అయింది. గోడల వెనక చెవులు మాత్రం మిగిలాయి.

"నాయనా, నీకేమన్నా మతి పోయిందా?" అన్నాడు తీతు.

"నా మతి బాగానే ఉండాది. పొద్దున తొమ్మిదింటికి సమాధుల దొడ్లో గొలుసు పట్టుకోని ముగ్గురు దిగినారు. కొలతలేస్తాండారు. ఎవురు పంపించినారప్పా అంటే, మీ సెక్రెటరీనే సంతకం పెట్టి ఇచ్చినాడు పెద్దాయనా, నీకు తెలీదా, అన్న్యారు. నవ్వినారు. మేకు యాడ కొట్టినారో తెల్సా? మొదటాయన సమాధి తలకాడ. బండకు ఇంత ఎడం. నేను చూస్తాండంగానే సుత్తితో దించినారు."

తీతు కరపత్రాల కట్ట కింద పెట్టాడు.

"పార్టీ ఆఫీసుకు రోడ్డుపక్క జాగా కావాల్నన్న్యాడు మేడింటాయన. సమాధులు ఊరికే పోవు. ఎముకలు మర్యాదగా ఎత్తి గుట్టకాడ పెడదామన్న్యాడు. గోడ గూడా కట్టిస్తాడంట."

"ఎముకలు ఎత్తుతాడంట!"

"ఎత్తితే ఏమైతాది నాయనా? వాళ్ళేమన్నా కాదంటారా? బతికినోళ్ళ సంగతి చూడు. మన పేటోడు ఊళ్ళో కుర్చీలో కూర్చోని ఎన్ని దినాలైంది? ఎన్నడన్నా కూర్చున్న్యాడా? నువ్వు సంఘ పెద్దవి. మేడింటి అరుగు కింద చెప్పులిడిసి నిలబడి మాట్లాడతావు. తూర్పింటికి పోయినా అంతే. నేను ఒక్క తూరి ఆ కుర్చీలో కూర్చుంటే పేటకు బోరింగు వస్తాది, రోడ్డు వస్తాది. దానికి ఒక జాగా అడిగినారు. ఇచ్చినా."

"నీ జాగానా అది?"

"సచ్చినోళ్ళ జాగా."

"అందుకే నిన్ను గూడా సచ్చినోళ్ళలో కలిపినా," అన్నాడు యోబు. గొంతు పెంచలేదు. "సంఘం ముందర చెప్పేదానికి నాకు నోరు రాల్యా. గంటకు చెప్పినా."

సరోజమ్మ ఒక్క అడుగు ముందుకు వేసింది. పులివెందుల పిల్ల. ఇన్నేళ్ళలో మామగారి ఎదుట గొంతు లేపలేదు.

"మామా, నా మెళ్ళో తాళి ఉండంగానే నా మొగునికి చావుగంట కొట్టినావే! నీ మేకు నీకు గుచ్చుకునింది, సరే. ఆ ముప్పై నాలుగు దెబ్బలూ నాకు యాడ గుచ్చుకున్న్యాయో నీకు తెల్సా?"

యోబు ఆమెవైపు చూడలేకపోయాడు. చూపు తిప్పుకుని భార్యను చూశాడు. ఆమె కిందపడ్డ బియ్యం ఒక్కొక్క గింజా ఏరుతోంది. ఎందుకు ఏరుతోందో, ఆ చిన్న పనిలో అంత శ్రద్ధ ఎందుకో ఆయనకు తట్టింది.

"అన్నమ్మా!"

ఆమె తల ఎత్తలేదు.

"ఈ సంతకం సంగతి నీకు ముందే తెల్సా?"

గింజలు ఏరే చేయి ఆగింది. ఇంటి మీద రేకులు ఎండకు టపటపమంటున్నాయి. ఆ నలుగురిలో ఎవరు ముందు కదిలినా ఇల్లు కూలిపోతుందేమో అన్నట్టు నిలబడ్డారు.

"తెల్సు," అంది అన్నమ్మ. "వారమైంది."

యోబు తలుపు చెక్క పట్టుకున్నాడు.

"వాడు నాకు చెప్పినాడు. నాయనకు నేను చెప్పుకుంటా, నువ్వు చెప్పొద్దమ్మా అన్న్యాడు. చెప్తాడులే అనుకున్న్యా. ఎన్నికలు కానీ అనుకున్న్యా. నీకు చెప్తే ఈ ఇంట్లో అన్నం ముట్టేవాళ్ళుండరని భయపడినా. తప్పే. నన్ను ఏమన్నా అను. నాకు కొట్టు గంట, యాభై ఆరు. నేను ఇని ఊరుకుంటా." ఆమె లేచి నిలబడింది. ఆమె కళ్ళలో ఇప్పుడు నీళ్ళున్నాయి, వాటి వెనక కోపం కూడా ఉంది. "గానీ నువ్వా! నువ్వు చేయాల్సిన పనేనా ఇది? ప్రతి సంవత్సరం చర్చి ప్రతిష్ఠ పండగకు మొదటాయన కత చదివేది నువ్వే కదా! మనవళ్ళు నిద్రపోతాంటే లేపి మరీ ఇనిపిస్తావే! ఆ మనిషికి వాళ్ళు చేసిందే కదా, నువ్వు నీ కడుపున పుట్టినోనికి చేసింది!"

యోబు చేయి తలుపు చెక్క మీంచి జారింది.

మొదటాయన అంటే ఆ సంఘంలో మొట్టమొదట బాప్తిస్మం పొందినవాడు, యోబుకు ముత్తాత. అంతకుముందు ఆయన పేరు యల్లయ్య. వానలకు పారే వంకకు అవతల దొడ్లపల్లెలో గొర్రెలు కాసుకునేవాడు. ధాత నామ సంవత్సరపు కరువులో మందకు మందే పోయింది. దొర పెట్టించిన గంజి తొట్టి దగ్గర ప్రాణం నిలబెట్టుకుని, ఆ మరుసటేడు దొర చేత బాప్తిస్మం తీసుకున్నాడు. అది తెలిసిన రోజే దొడ్లపల్లెలో వాళ్ళ నాయన కుండ పగలగొట్టి, తలమీద నీళ్ళు పోసుకుని, పెద్దకొడుకు చచ్చాడని ఊరికి చెప్పాడు. పదకొండో రోజు కూడా జరిపించారు. చచ్చినవాడేమో అర కోసు దూరంలో చర్చి గోడకు నాపరాళ్ళు మోస్తున్నాడు. కన్నతల్లి సంతలో ఎదురుపడితే కొంగు ముఖానికి అడ్డం లాక్కుని పోయేది. ఆమె పోయినప్పుడు ఆయనకు ఎవరూ కబురు చెప్పలేదు. ఎనిమిది రోజుల తర్వాత ఉల్లిగడ్డల బేరంలో ఎవరో మాటల మధ్య అంటే తెలిసింది.

ఓడ దిగిన గంట ఎద్దుబండి మీద పేటకు వచ్చినప్పుడు, ఇది ఎప్పుడెప్పుడు కొడదామని దొర ఆయన్నే అడిగాడట. ఆదివారానికీ పెళ్ళికీ మీ ఇష్టం దొరా, అన్నాడట. నేను పోయినపుడు మాత్రం నా వయసెంతో అన్ని కొట్టించండి. చచ్చాడనుకున్నవాడు ఎన్నేళ్ళు బతికాడో దొడ్లపల్లెకు వినపడాల.

ఆ మాట నిలబడింది. డెబ్బై ఒక్క దెబ్బలు మోగాయి. డెబ్బై ఒకటీ లెక్కపెట్టుకుని, ఆయన తమ్ముడు దొడ్లపల్లె నుంచి నడిచి వచ్చి చర్చి ప్రహరీ బయట నిలబడ్డాడు. భుజం మీద తాను నేసిన నల్ల కంబళి ఉంది. లోపలికి రాలేదు. కంబళి గోడ మీదుగా అందించాడు. దాన్నే పెట్టె మీద కప్పారు. అప్పటినుంచి ఈ ఇంట్లో ఎవరు పోయినా దొడ్లపల్లె నుంచి కంబళి వస్తుంది. వాళ్ళు గోడ బయట నిలబడడం యోబు నాయన కాలానికే పోయింది. ఇప్పుడు ఆ వంతు ఆ తమ్ముడి మునిమనవడు గురప్పది. వాళ్ళు గుడికి పోతారు, వీళ్ళు చర్చికి పోతారు. అయినా గురప్ప యోబును అన్నా అనే పిలుస్తాడు, తీతును ఎత్తుకుని పెంచాడు.

ఇదంతా సంఘ చరిత్ర పుస్తకంలో ఉంది. మొదటి పుటలోనే దొర తన చేత్తో, తనకొచ్చిన తెలుగులో ఒక వాక్యం రాసిపెట్టాడు. బతికియున్న ఏ మనుష్యుని నిమిత్తమును ఈ గంట మ్రోగింపబడకూడదు. యోబు ఏటా ఆ వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగి, గొంతు సవరించుకుని, రెండుసార్లు చదువుతాడు.

"చదివినా," అన్నాడు యోబు చివరికి. "చదివినా. తాడు పట్టుకున్నప్పుడు ఏదీ గుర్తుకు రాల్యా."

ఆయన ఆ మాట అంటుండగానే వీధిలో గాజుల చప్పుడు వినిపించింది. గాజులమ్మే బీబీజాన్ బుట్ట నెత్తిన పెట్టుకునే పరిగెత్తుకొస్తోంది. అరవై ఏళ్ళ మనిషి అట్లా పరిగెత్తడం ఆ వీధి ఎప్పుడూ చూడలేదు.

"అన్నమ్మక్కా! బిడ్డ పోయినాడంటనే..." అంటూ గుమ్మంలోకి వచ్చి, తీతును చూసి, నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది. "యా అల్లా! నువ్వు బతికుండావా! మరి వాళ్ళేంది అట్లా పోయినారు?"

"ఎవురు?" అన్నాడు తీతు.

"మేడింటి మనుషులప్పా. నేను వాళ్ళింట్లోనే ఉండా, కోడలికి గాజులేస్తాండా. గంట ఇనపడింది. లెక్కపెట్టినారు. తీతును ఏసేసినారని కేకలు. రెండు జీపులు తీసినారు. గోనెసంచులు ఎక్కించినారు, ఏముండాయో నేను చూడల్యా, చూస్తే కండ్లు పోతాయి. తీతు రగతానికి రగతం అని అరుచుకుంటా దొడ్లపల్లె దోవన పోయినారు. తూర్పింటి ఓట్లన్నీ ఆడనే కదా! వంక కాడ జీపులు నిలబెట్టి కాపుండారంట. ఆ దోవన ఎవురొచ్చినా..."

ఆమె బుట్ట దించి నేలమీద కూర్చుంది.

గంట పేటకు మాత్రమే వినపడుతుందని యోబు అనుకున్నాడు. కొడుకు మీద కోపం పేటకు చెబితే చాలనుకున్నాడు. దూరానికి వినపడాలనే ఆ గంట పెట్టించారని నలభై ఏళ్ళుగా చదువుతున్న మనిషికి, అది మేడింటికి వినపడుతుందని తట్టలేదు.

"మళ్ళీ కొడతా," అంటూ ఆయన గుమ్మంవైపు తిరిగాడు. "ఇప్పుడే పోయి కొడతా."

"ఏమని కొడతావు?" అంది అన్నమ్మ.

ఆయన ఆగిపోయాడు. ఆదివారానికి ఒక తీరు, పెళ్ళికి ఒక తీరు, చావుకు ఒక తీరు. మనిషి బతికే ఉన్నాడని చెప్పే తీరు ఆ గంటకు ఎవరూ నేర్పలేదు. ఏ తీరున కొట్టినా జీపుల్లో ఉన్నవాళ్ళకు అది ఇంకో చావులాగే వినపడుతుంది.

"పోలీసోళ్ళకు చెప్పండి," అంది సరోజమ్మ.

"జమ్మలమడుగు నుంచి వాళ్ళు వచ్చేలోగా ఏమైనా అయిపోతాది," అన్నాడు తీతు. "ఫోను ఉండేది మేడింట్లోనే."

"అయితే మనం పెరట్లోంచి బయటపడదాం. పులివెందులకు పోదాం. మా నాయనింట్లో నాలుగు దినాలుండి..."

"సరోజా, నేను కనపడితేనే వాళ్ళు నిలబడతారు. నేనే పోయి జీపు ముందర నిలబడాల."

"తూర్పింటోళ్ళు ఊరుకుంటారా? వాళ్ళ మీదికి జీపులు వచ్చినాయంటే వాళ్ళూ కత్తులు ఎత్తుకునే ఉంటారు. నువ్వు వాళ్ళకు కనపడితే? ఈ గంట నిజమైతే?"

తీతు చూపు తల్లి మీద నిలిపాడు. ముప్పై నాలుగేళ్ళు వచ్చినా, సర్పంచుకు నిలబడ్డా, ఆ క్షణాన వాడు తల్లి ఏమంటుందో చూస్తున్నాడు. భయపడుతున్నాడు. ఆ భయం అన్నమ్మకు తెలిసింది. ఇందాక చచ్చాడనుకున్న కొడుకు. దేవుడు మళ్ళీ చేతిలో పెట్టి గడియ కాలేదు. వద్దురా అంటే చాలు, వాడు ఆగిపోతాడు. పెరటి తలుపు ఇంకా తెరిచే ఉంది.

ఆమె తనకు తెలిసీ దాచిన వారం రోజులు గుర్తుచేసుకుంది. మాట దాచడం వల్ల ఏం జరిగిందో కళ్ళముందే ఉంది. ఇప్పుడు మనిషిని దాస్తే ఏం జరుగుతుందో?

"నడువు," అంది.

"అత్తా!"

"ఒక్కన్నే పంపనులేమ్మా. నేను ముందర నడుస్తా. ఆడదాన్ని, ముసలిదాన్ని, నా ఎనక నా కొడుకు. ముందు నన్ను చూస్తారు. గొంతెత్తి అరుచుకుంటా పోతా, నా కొడుకు బతికే ఉండాడప్పా అని. గంట చెప్పలేనిది నేనే చెప్పుకుంటా." యోబు వైపు తిరిగింది. "నువ్వూ రా. కొట్టినోనివి నువ్వు. ఎందుకు కొట్టినావో నీ నోటితోనే చెప్పు వాళ్ళకు."

యోబు తలూపాడు. గంట గది తాళంచెవి మొలతాడు నుంచి విప్పి కిటికీ మీద పెట్టాడు. సరోజమ్మ కళ్ళు తుడుచుకుని చెప్పులు వేసుకుంది. తానూ వస్తోందని చెప్పాల్సిన పని లేకపోయింది.

నలుగురూ గుమ్మం దాటుతుండగా వీధి మలుపులో అక్కమ్మ కనిపించింది. గురప్ప పెళ్ళాం. జుట్టు విరబోసుకుని, గుండెలు బాదుకుంటూ, కాళ్ళకు చెప్పులు లేకుండా వస్తోంది. నాపరాళ్ళ గనిలోంచి వచ్చినట్టుంది, మోకాళ్ళదాకా తెల్లటి రాతిపొడి.

"అక్కా, అన్నమ్మక్కా! మన బిడ్డ..."

తీతును చూసింది. దగ్గరికి వచ్చి వాడి చెంపలు, భుజాలు, చేతులు తడిమింది.

"అప్పా తీతూ! బతికుండావా నాయనా! గంట కొట్టిందే! దొడ్లపల్లె అంతా ఇన్న్యాం కదప్పా!" ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే మళ్ళీ వాడి ముఖం తడిమింది. "గండి ఆంజనేయసామికి టెంకాయ కొడతా. ఎంత భయపెట్టినార్రా! ఇంతకీ మీ చిన్నాయన యాడ? లోపలుండాడా? పిలువు, నేను చెప్తా ఆయనకు. గంట ఆగకముందే కంబళి భుజానేసుకోని పరిగెత్తినాడు. చిన్నపిల్లోని మాదిరి ఏడ్చుకుంటా పోయినాడు. నేను మేకల్ను దొడ్లో తోలి, గని మీదుగా ఎనక వస్తాండా. ఆయన వంక దోవన వచ్చినాడు, నాకంటే ముందే రావాల."

గుమ్మం లోపల బీబీజాన్ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏందక్కా? అందురూ అట్లా చూస్తాండారేంది?"

అన్నమ్మ భర్తవైపు చూసింది. యోబు కమిలిపోయిన తన అరచేతులు చూసుకుంటున్నాడు.

అక్కమ్మ మళ్ళీ అడిగింది, ఈసారి మెల్లగా.

"మా ఆయన ఈడికి రాల్యా?"